సెలవుల్లో భద్రాద్రి రుచులు

మధిర నుంచి సెలవులకు భద్రాచలం అడవుల వైపు వెళ్తున్నారా? అయితే బొంగు చికెన్ తినాల్సిందే. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పులపై తిప్పుతూ కాలుస్తారు. నూనె అక్కర్లేదు, వెదురులోని తేమకే ముక్క ఉడుకుతుంది. పైన బొంగు నల్లబడినా లోపల మాడదు. టర్కీలోని కప్పడోకియాలో ఇలాగే మట్టికుండలో మాంసం వండి, కుండను మన ముందే పగలగొట్టి వడ్డిస్తారు. దాన్ని టెస్టి కబాబ్ అంటారు. నన్నడిగితే మాత్రం వెదురు వాసనకే నా ఓటు!

వేసవిలో ఇప్పపువ్వు లడ్డూ కూడా అడగండి. మార్చి, ఏప్రిల్‌లలో రాలే పూలను కోయలు తెల్లవారుజామునే ఏరి ఎండబెడతారు. వాటికి బెల్లం కలిపి లడ్డూ కడతారు. శ్రీరామనవమికి వెళ్తే పానకం, వడపప్పు ఎలాగూ ఉంటాయి. బొంగు చికెన్‌కు మాత్రం ముందే చెప్పి ఉంచండి, కాలడానికి సమయం పడుతుంది.