మెత్తబడిన బ్రేకు

కారు మరమ్మతు చేయించి ఇంటికి తెచ్చిన నాడే బ్రేకు మునుపటికంటె మెత్తగా నున్నచో, క్రొత్త సామాను గదా, నాలుగు రోజులలో సర్దుకొనునని చాలమంది ఊరకుందురు. మేమును అట్లే ఊరకుంటిమి.

తిరుమల ప్రయాణమునకు ముందు మా కారు ముందు చక్రముల క్యాలిపర్లు రెండును మార్పించితిమి. బండి వచ్చిన తరువాత పెడలు త్రొక్కగా, తడిసిన దూదిపై కాలు మోపినట్లుండెను. వెంటవెంటనే మూడుమారులు త్రొక్కినచో గట్టిపడును. కొంత తాళి త్రొక్కినచో మరల మెత్తన. పిల్లలతో కనుమదారి దిగవలసిన బండి అది.

బ్రేకు గొట్టములలోని ఆయిలు నొక్కినను కుదించుకొనదు; కావుననే కాలి బలము చక్రమునకు చేరును. గాలి అట్లు గాదు. నొక్కినకొలది అదే కుంచించుకొనును, బలమంతయు దానికే చెల్లును. గొట్టము విప్పినప్పుడు గాలి చొచ్చుట సహజమే. దానిని పూర్తిగా వెడలింపకుండుటయే దోషము.

కారు బాగుచేసినవారు రెండుమారులు గాలి తీసిరి. ఆయిలు ఖర్చయినది గాని మెత్తదనము పోలేదు. మాస్టర్ సిలిండరు మార్చవలెననిరి, మేము సరేయనబోతిమి. ఇంతలో ప్రక్కింటివారి డ్రైవరు మా బండి చక్రము ప్రక్కన కూర్చుండి, "మా బండికి ఈ నిపుల్ పైన ఉంటుందండీ, మీకు అడుగున ఉందేమిటి?" అనెను. వారిదియు అదే రకము బండి. కుడి క్యాలిపరు ఎడమకు, ఎడమది కుడికి బిగించియుండిరి! గాలి పైకి చేరును. విడుచు మర అడుగున నున్నది. ఎంత ఆయిలు కార్చినను పైన చిక్కిన బుడగ కదలునా?

రెంటిని తారుమారు చేయించి, మరకు తెల్లని ప్లాస్టిక్ గొట్టము తగిలించి, కొనను సీసాలోని ఆయిలులో ముంచి, బుడగలు ఆగువరకు గాలి తీయించితిమి. పెడలునుండి కాలు తీయుటకు ముందే మర బిగింపవలెను. లేనిచో వెలుపలి గాలి మరల లోనికి పోవును. ఆయిలు డబ్బా అడుగంటనీయరాదు. పెడలు రాయివలె నిలిచినది.

త్రొక్కిపట్టగా పెడలు మెల్లమెల్లగా నేలకు దిగుచున్నచో అది వేరు జబ్బు. ఎక్కడనో ఆయిలు కారుచుండవచ్చును, లేదా మాస్టర్ సిలిండరులోని రబ్బరులు చెడియుండవచ్చును. అట్టి బండిని వీధిచివరకైనను నడపరాదు.

ఆయిలు పాతదైనచో అదియు మార్పింపుడు. అది తేమను పీల్చును. డాట్ 3 రకమునకు క్రొత్తగా నున్నప్పుడు మరుగు వేడిమి కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు. తేమ చేరిన పిమ్మట 140 వరకు దిగవచ్చును. కనుమ దిగునప్పుడు ఎడతెగక త్రొక్కిన బ్రేకు కాగి, ఆయిలు మరిగి, ఆవిరి బుడగలు పుట్టును. మేము 1944లో తెరచిన పాత దారిన దిగువ గేరులోనే దిగితిమి.

త్రొక్కిపట్టి ఇంజను నడిపినప్పుడు పెడలు కొంచెము క్రిందికి జారినచో భయపడకుడు. బూస్టరు పనిచేయుచున్నదనుటకు అది గుర్తు.