రెండు తాళముల మందుపెట్టె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



కలుపును చంపుటకు చల్లిన మందు పైరును గూడ మాడ్చినచో రైతున కేమి లాభము? క్యాన్సరు మందులయందును ఈ చిక్కే కలదు. వేగముగా పెరుగు కణములను అవి చంపును. కాని వెండ్రుకల మొదళ్లును, ప్రేగుల లోపొరయు, ఎముకల మూలుగయు వేగముగా పెరుగునవియే. కనుకనే రోగికి జుట్టు రాలుట, వాంతులగుట, రక్తము క్షీణించుట. మందు చేరవలసిన చోటనే విడుదలయైనచో ఈ బాధ తగ్గును గదా యని శాస్త్రజ్ఞులు తలపోసిరి.

అందులకు వారిలో కొందరు ఎన్నుకొన్న సాధనము, తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు తెచ్చు డి.ఎన్.ఏ. అను కేంద్రకామ్లము. దానికి నాలుగే అక్షరములు. ఎడినిన్ థైమిన్‌తోను, గ్వానిన్ సైటోసిన్‌తోను జతగూడును. ఈ నియమము ననుసరించి అక్షరములను తగిన వరుసలో కూర్చినచో, పోగులు తమంతట తామే కోరిన ఆకారమున అల్లుకొనును. ఈ మార్గమును 1982లో అమెరికా దేశీయుడగు నేడ్రియన్ సీమన్ సూచించెను. 2006లో పాల్ రాథెమండ్ ఒక వైరసునందలి 7,000కు పైబడిన అక్షరముల పోగును, 200కు మించిన చిన్న పోగులతో మడచి నక్షత్రములను, నవ్వుమొగములను నిర్మించెను. ఒక్కొక్కటి మీటరులో సుమారు కోటవ వంతు.

2012లో హార్వర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ విద్యతోనే పీపా వంటి పెట్టెను చేసి రెండు తాళములు వేసిరి. ఇద్దరు ఉద్యోగుల తాళపుచెవులు చేరినగాని ఖజానా పెట్టె తెరువబడనట్లు, కణముపై రెండు గుర్తులును కలిసినగాని ఇది తెరచుకొనదు. గాజుపాత్రలలో పెంచిన కణములపై ఇది నెగ్గెను.

2018లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. రేకును గొట్టముగా చుట్టి, రక్తమును గడ్డకట్టించు థ్రాంబిన్‌ను లోపల దాచి, ఎలుకల కెక్కించిరి. కంతి రక్తనాళములలో న్యూక్లియోలిన్ అను గుర్తు తగులగనే గొట్టము విప్పుకొనెను. అచట రక్తము గడ్డకట్టి, ఆహారమందక కంతి క్షీణించెను. అదే థ్రాంబిన్ మెదడు నాళములో బయటపడినచో ప్రాణహాని. కావున మందు బలముకన్న తాళము నమ్మకమే ముఖ్యము.

చిక్కులును లేకపోలేదు. రక్తములోని ఎంజైములు డి.ఎన్.ఏ.ను తునియలు చేయును. దేహరక్షక కణములు దానిని పరాయిదని పట్టుకొనును. హెచ్చుగా తయారుచేయుట వ్యయముతో కూడినది. ఎలుకయందు నెగ్గినది మనుష్యునియందు నెగ్గునను నియమము లేదు. ఇట్టి మందు సిద్ధముగా నున్నదని చెప్పి రోగి బంధువులచే పొలము అమ్మించువారి మాట నమ్మరాదు. వైద్యుడు చేయుచున్న చికిత్సను మానరాదు.

తెలుగు కావ్యములకు 56 అక్షరములు, ప్రాణికోటికి నాలుగే. ఆ నాలుగింటి కూర్పు చదువ నేర్చినవారే ఈ పెట్టెను చేయగలిగిరి. ఏ గ్రంథాలయపు బల్లయొద్ద నైనను పుస్తకము తెరచిన బాలుడో బాలికయో రేపు దాని తాళమును మరింత గట్టిపరచవచ్చును. ఆ బల్లపై దీపము ఆరకుండ చూచుట గ్రామస్థుల విధి.