మాటల లెక్కలు - రెండు సమీకరణాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో వినబడే మాట ఒకటున్నది: "మావాడికి లెక్కలు రావు." ఆ ఒక్క మాటతో పిల్లవాణ్ణి షాపులో కూర్చోబెడతాము, ఆడపిల్లనైతే ఇంట్లో. నెల తిరక్కుండానే ఆ పిల్లవాడు రూపాయి తేడా రాకుండా బేరం చేసి చిల్లర ఇస్తాడు. మరి లెక్క రానిదెక్కడ?

పదో తరగతిలో రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత అనే పాఠమున్నది. సమీకరణాలు రాసిచ్చి సాధించమంటే సాధించే పిల్లలే, అదే లెక్క మాటల్లో ఇస్తే కలం పట్టుకుని కూర్చుంటారు. అంటే చిక్కు కూడికలోనూ తీసివేతలోనూ కాదు, మాటను సమీకరణంగా మార్చుకోవడంలో ఉన్నదన్నమాట.

ఒక పాత లెక్క చూద్దాము. ఇది క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహంలోనిది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిసి ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిసి ధర 101. ఒక్కొక్క పండు ధర ఎంత?

ఎక్స్ అంటే మాదీఫలాలు అని రాస్తే అక్కడే దారి తప్పినట్టు. పండ్లెన్నో మనకు తెలుసు; తెలియనిది ధర. కనుక ఒక మాదీఫలం ధర ఎక్స్, ఒక వెలగపండు ధర వై అని పూర్తిగా రాయాలి. అప్పుడు మొదటి మాట 9 ఎక్స్ + 7 వై = 107 అవుతుంది. రెండోది 7 ఎక్స్ + 9 వై = 101.

రెంటినీ కూడితే 16 ఎక్స్ + 16 వై = 208; అంటే ఎక్స్ + వై = 13. మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే 2 ఎక్స్ - 2 వై = 6; అంటే ఎక్స్ - వై = 3. మొత్తం 13, తేడా 3. కాబట్టి మాదీఫలం 8, వెలగపండు 5. ఇక లెక్కలోని మాటలతోనే సరిచూసుకోవాలి: 72, 35 కలిస్తే 107, 56, 45 కలిస్తే 101. సరిపోయింది.

తెలియనివి రెండైతే వేర్వేరు సంగతులు రెండు కావాలి. 2 పెన్నులు, 3 నోటుపుస్తకాలు 120 రూపాయలు. 4 పెన్నులు, 6 నోటుపుస్తకాలు 240 రూపాయలు అంటే చెప్పిందే రెట్టింపు చేసి చెప్పడం గదా! దానితో ధరలు తేలవు.

క్రీ.శ. 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణిత గ్రంథంలో ఈ గుర్తులు లేవు. సమీకరణాలన్నీ మాటల్లోనే చెప్పాడు. ఆల్జీబ్రా అన్న పేరు ఆ గ్రంథం పేరులోని అల్ జబ్ర్ నుంచే వచ్చింది. మాట ముందు, గుర్తు తరువాత.

అందుకే తల్లిదండ్రులకు మా మనవి. మీకు ఆల్జీబ్రా రాకపోయినా ఫరవాలేదు. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలడగండి. తెలియనివి ఏవి? వాటిని గురించి చెప్పిన రెండు సంగతులేవి? వచ్చిన జవాబు ఆ రెంటికీ సరిపోయిందా? నోటితో చెప్పగలిగిన బిడ్డ కాగితం మీద రాయగలుగుతుంది. అంతవరకు లెక్కలు రావని బడి మాన్పించకండి.