మడతచాకు: కొన్న రోజే చేయవలసిన పరీక్ష

మన బళ్ళారి సీమకు పనిముట్లతో పరిచయం నిన్న మొన్నటిది కాదు. సిరుగుప్ప తాలూకాలోని తెక్కలకోట గుట్టల మీద 1963-64లో ఎం.ఎస్. నాగరాజారావు, కె.సి. మల్హోత్రా తవ్వకాలు జరిపినప్పుడు నవీన శిలాయుగపు మనుషుల నివాసాలు, వారు నూరుకున్న రాతి గొడ్డళ్ళు బయటపడ్డాయి. ఆ తరువాత ఇనుము వచ్చింది, కొలిమి వచ్చింది. కమ్మరి ఎదుట కూర్చుని కొడవలి చేయించుకున్న రైతుకు ఒక ధైర్యం ఉండేది. వాదర వంగితే మర్నాడు మళ్ళీ అదే కొలిమి దగ్గరికి వెళ్ళేవాడు. ఈనాడు మనం కొనే మడతచాకు ఎవరు చేశారో, ఎక్కడ చేశారో తెలియదు. కనుక పరీక్ష చేసే బాధ్యత కొన్నవాడిదే అయింది.

మడతచాకు అంటే ఇప్పుడు ఒక్క కత్తే కాదు. కత్తి, కత్తెర, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసే కొక్కెం, కొన్నింటిలో పట్టకారు కూడా ఒకే పిడిలో ఇమిడి ఉంటాయి. ఈ తరహా చాకుకు పేరు తెచ్చింది స్విట్జర్లాండు. అక్కడ కార్ల్ ఎల్స్‌నర్ అనే చాకుల తయారీదారు 1891లో తమ దేశపు సైన్యానికి చాకులు అందించాడు. 1897లో అధికారుల చాకును నమోదు చేయించాడు. పట్టకారు ప్రధానంగా ఉండే రకాన్ని అమెరికాలో టిమ్ లెదర్‌మన్ 1983లో అమ్మకానికి తెచ్చాడు. పేరున్న సరుకుకు నకళ్ళు కూడా ఎక్కువే. అందుకని ముద్ర చూసి మోసపోకుండా, వస్తువును చూసి నమ్మడం నేర్చుకోవాలి.

మొదట చాకును మూసి ఉంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పొరల మధ్య ఒకచోట సందు, మరొకచోట బిగువు కనిపిస్తే కూర్పు సరిగా లేదన్న మాట. కత్తి తన గాడిలో నడిమధ్యన ఉండాలి. పక్క రేకుకు రాసుకుంటూ ఉంటే నెల తిరగకుండానే వాదర మొద్దుబారుతుంది. పిడి అంచుల మీద వేలు నెమ్మదిగా నడపండి. గరుకుగా గీరుకుంటే నునుపు పని మధ్యలో వదిలేశారని అర్థం.

తరువాత ఒక్కొక్క పనిముట్టును తెరిచి మూయండి. గోరు విరిగేంత బిగువూ పనికిరాదు, విదిలిస్తే తెరుచుకునేంత వదులూ పనికిరాదు. మంచి స్ప్రింగు ఉన్న చాకు చివరి అంగుళంలో తనంత తానే టక్కున కూర్చుంటుంది. తెరిచిన కత్తిని మొదట్లో పట్టుకుని అటూ ఇటూ, పైకీ కిందికీ కదిపి చూడండి. పక్కలకు వెంట్రుక వాసి కదలిక ఉంటే సర్దుకోవచ్చు. పైకీ కిందికీ ఊగితే మాత్రం ఆ చాకు వద్దు. కీలు దగ్గర స్క్రూలు ఉంటే బిగించుకోవచ్చు. రివెట్లు కొట్టి ఉంటే ఆ అవకాశం తక్కువ.

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి, తాళం. కొన్ని చాకుల్లో తెరిచిన కత్తి మూసుకోకుండా లోపల ఒక పట్టు ఉంటుంది. కొన్నింటిలో స్ప్రింగు తప్ప మరేమీ ఉండదు. మీ చాకు ఏ రకమో ముందు తెలుసుకోండి. తాళం ఉన్నదైతే, వేళ్ళు వాదర దారిలో లేకుండా పట్టుకుని, కత్తి వీపును చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కండి. జారిందా, తిరిగి ఇచ్చేయండి. తాళం లేని చాకుతో ఎరువుల సంచిని, గట్టి పైపును మొనతో పొడవకూడదు. కత్తి మడుచుకుని వేళ్ళ మీదికే వస్తుంది. నాట్ల రోజుల్లో వేలు తెగితే ఎన్ని కూలిరోజులు పోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఉక్కు విషయంలో ఒక అపోహ ఉంది. అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదని చాలామంది అనుకుంటారు. వంటింటి గిన్నెల్లో వాడే రకానికి సాధారణంగా అయస్కాంతం అంటుకోదు, నిజమే. కానీ చాకుకు వాడే స్టెయిన్‌లెస్ వేరు. దాన్ని కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. దానికి అయస్కాంతం అంటుకుంటుంది. కనుక ఆ పరీక్షతో మంచిచెడ్డలు తేలవు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలే పట్టదని కూడా కాదు, తొందరగా పట్టదని మాత్రమే.

వాదరను దీపం కింద పైకి తిప్పి చూడండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. ఎక్కడైనా తెల్లగా మెరిసిందంటే అక్కడ మొద్దుగా ఉంది. పాత వార్తాపత్రిక కాగితాన్ని మొదటి నుంచి మొన దాకా కోయండి. చిరగకుండా సాఫీగా తెగాలి. వాదర కొంచెం మొద్దుగా ఉంటే సాన పెట్టుకోవచ్చు. నాలుగు రోజుల పనికే పదును పోతే మాత్రం ఉక్కులోనో, దాన్ని గట్టిపరచడంలోనో లోపం ఉన్నట్టు.

పట్టకారు మూసి వెలుతురుకు పట్టండి. రెండు మొనలూ సమంగా కలవాలి. కత్తెర, దారాన్ని చివరి కొస దగ్గర కూడా తెంచాలి. స్క్రూడ్రైవరు కొన గుండ్రంగా అరిగినట్టు ఉండక, చదరంగా, స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి. పనిముట్లు పదిహేను ఉన్నాయని సంబరపడకండి. పిడి అంతే ఉండి సంఖ్య పెరిగితే ఒక్కొక్కటి పలచనవుతుంది. మీకు రోజూ పనికివచ్చే నాలుగు గట్టిగా ఉంటే చాలు.

మరొక హెచ్చరిక. తుంగభద్ర కాలువ కింద, బోర్ల కింద మోటారు లేని చేను తక్కువ. స్టార్టరు దగ్గర ఫ్యూజు పోతే జేబులోని ఈ చాకు మీదికే చేయి పోతుంది. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నా లోపలి రేకులు, రివెట్లు లోహమే. అది కరెంటును ఆపదు. ఎంత ఖరీదైన చాకైనా కరెంటు పనికి కాదు. మెయిన్ తీసేయండి, ఆ పనికి తగిన తొడుగున్న పనిముట్టు వాడండి, లేదా తెలిసినవారిని పిలవండి.

కొనేటప్పుడు అట్టపెట్టె మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉన్నాయా చూడండి. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం ఇవి ఉండాలి. బిల్లు తీసుకోండి. తిరిగి ఇచ్చే గడువు ఎన్నాళ్ళో అడగండి. ఇప్పుడు చెప్పిన పరీక్షలన్నీ ఆ గడువులోపే చేయండి. అంగడివారు వినకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి చెప్పుకోవచ్చు.

చివరగా, మంచి చాకు కూడా యజమానిని బట్టే మన్నుతుంది. పొలంలో వాడాక బురద, మొక్కల పసరు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కీళ్ళలో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. చాకును తూటుపొడుచుకోవడానికి, సీసా మూతలు పెకలించడానికి కత్తిమొన వాడకండి. పిల్లలకు అందకుండా పెట్టండి. అలా చూసుకుంటే నాలుగు కాలాల పాటు మీ జేబులో నమ్మకంగా పనిచేస్తుంది.