ట్యూబు ఉన్న ఆ నాలుగు రోజులు
(వార్షిక సమావేశంలో వైద్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)

 

మీరిచ్చే జకాత్, సదకాలతో పేద రోగుల ఆపరేషన్లకు మేము సాయం చేస్తున్నాం. వారిలో ప్రోస్టేట్ వాపుతో, కిడ్నీలో రాళ్లతో వచ్చేవారూ ఉంటారు. ఆపరేషన్ అయిందనగానే అల్‌హందులిల్లాహ్ అనుకుని వచ్చేసేవాళ్లం. ఆ తర్వాతి రోజులే గండమని ఒక పెద్దాయన వల్ల తెలుసుకున్నాం.

ఆయనకు మూత్రపు ట్యూబు వేసి సంచి తగిలించారు. సంచి నాపాక్ కదా అని నమాజు వేళకల్లా దాన్ని ఊడదీసి, తర్వాత మళ్లీ తగిలించుకునేవారు. ఎవరూ వద్దనలేదు. నాలుగో రోజు చలిజ్వరం వచ్చింది. ఇంటికి రావలసిన మనిషి ఇంజెక్షన్లతో ఆసుపత్రిలోనే ఉండిపోయారు.

ట్యూబును, సంచిని విడదీసిన ప్రతిసారీ బాక్టీరియాకు తలుపు తీసినట్టే. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటివి ట్యూబు గోడకు జిగురు పొరలా పట్టుకుంటాయి. ఆ పొరలోకి మందు సరిగా చేరదు. ఆసుపత్రుల్లో తిరిగే బాక్టీరియా చాలా మందులకు లొంగవు కూడా. ట్యూబు ఉన్న ఒక్కొక్క రోజుకు మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం వరకు ఉంటుంది. అందుకే "ట్యూబు ఎప్పుడు తీస్తారు?" అని డాక్టరు గారిని రోజూ అడగాలి.

నమాజు మాటకొస్తే, ఇలాంటి రోగి మాజూర్. ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని, సంచి ఉండగానే చదువుకోవచ్చని ఉలమాలు చెబుతారు. ఈ ఒక్క మాట వార్డులో చెప్పేవారుంటే చాలు.

సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి, నేలకు తగలకూడదు. ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడగాలి. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే మనకు ఇది కొత్త కాదు. జ్వరమొస్తే సొంతంగా మాత్రలు మింగకుండా డాక్టరుకు చెప్పాలి. మూత్రం కల్చర్ పరీక్ష చేస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది.

దాతలకు మా మనవి ఒక్కటే. ఆపరేషన్ బిల్లుతో మన సాయం ఆగిపోకూడదు. అర్హులైన రోగుల కల్చర్ పరీక్షకు, మందులకు జకాత్ నుంచి, రోగి వెంట ఉండేవారికి ఈ జాగ్రత్తలు నేర్పే పనికి సదకా నుంచి కొంత కేటాయించండి. కోసిన గాయం మానేదాకా తోడుంటేనే మనం చేసిన సాయం పూర్తయినట్టు.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.