నీటి క్రింది నావకు తలుపులు, కిటికీలు

పోలవరము ప్రాంతపు యువకుడొకడు మాకొక లేఖ వ్రాసినాడు. లేతు మీద పని నేర్చినవాడు. పాత బాయిలరు డ్రమ్మునొకదానిని సంపాదించి, దానికి తలుపు, కిటికీలు, మోటారు అమర్చి, ఒక మనిషి కూర్చుండి నీట మునిగి తేలగల చిన్న జలాంతర్గామిని ఇంటి యొద్దనే కట్టదలచినాడట. తలుపు వెడల్పెంత? కిటికీలు ఆరు పెట్టవచ్చునా? ఇరుసు బయటికి వచ్చుచోట నీరు చొరకుండుటెట్లు? ఇవి అతని ప్రశ్నలు.

ఈ కోరిక నవ్వదగినది కాదు. అమెరికాలో కిట్రెడ్జి అను విశ్రాంత నౌకాదళ కెప్టెను 250 అడుగుల లోతునకు దిగగల ఏకవ్యక్తి జలాంతర్గామిని రూపొందించి, దాని పటములను ఔత్సాహికులకు అమ్మెను. అయితే మన యువకుని నీ పనికి పురికొల్పినది వినోదము కాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద పర్యాటకుల లాంచీ మునిగినది. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము వారు ఇనుపతాళ్లతో, లంగరులతో గాలించి, అక్టోబరు 22న, అనగా 38వ నాడు, దానిని పైకి లాగిరి. అన్ని దినములును ఆప్తులు ఒడ్డున కూర్చుండియుండగా, క్రింద ఏమున్నదో కంటితో చూచి చెప్పగల సాధనము ఏటిలో లేకపోయెనే యని అతని బాధ. ఆ బాధ మాకును కలదు. అందుచేతనే ఈ ప్రసంగము కొంత కఠినముగా నుండును.

మొదట డ్రమ్ము సంగతి. బాయిలరు లోపలి ఒత్తిడికి ఓర్చుటకు చేసినది. బయటి నుండి నొక్కినచో అదే రేకు, పిడికిట పట్టిన డబ్బా వలె, ఒక్కసారిగా నలిగిపోవచ్చును. లోపల ఉక్కు కట్లు వేయవలెనా, ఎంత దూరమున కొకటి వేయవలెనా యనునది ఇంజనీరు చేత లెక్క కట్టించుకొనవలసిన విషయము. అది యట్లుంచుదము. డ్రమ్ము ఎంత గట్టిదైనను, దానికి మనము పెట్టు ప్రతి రంధ్రమును ఒక బలహీనతయే. మనిషి దూరుటకొకటి, చూచుటకొకటి, ఇరుసునకొకటి, తీగలకొకటి, నీరు నింపుటకును తోడుటకును మరి రెండు. నీటికి దారి కావలసినది అచ్చటనే.

లాంచీ పడియున్న చోటు 200 అడుగులు దాటిన లోతు. 200 అడుగుల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదను సుమారు 6 కిలోల బరువు పడును. 60 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని తలుపు మీద మొత్తము 17 టన్నులు. ఆ బరువును శత్రువుగా చేసికొనక, కాపలాకు పెట్టుకొనుటే నేర్పు. తలుపు బయటి వైపు నుండి అంచు మీద కూర్చుండవలెను. అప్పుడు నావ దిగినకొలది నీరే దానిని బిగించును. పోలవరము స్పిల్‌వేకు 48 గేట్లు కలవు. అట్టి గేట్ల అంచులకు రబ్బరు పట్టీలుండును. వెనుకనున్న నీరే వానిని గోడకు అదుముచుండును. ఆ యువకుడు మా మాట నమ్మనక్కరలేదు, ఇంటి దగ్గరనున్న ఆ గేట్లను చూచిన చాలును.

ఇందులో ఒక చిక్కున్నది. నీటి పై భాగమున తలుపును నొక్కువారెవరును లేరు కనుక లోపలి నుండి మరలతో బిగింపవలెను. రెండు నిలువుల లోతున నావ చిక్కుకొన్నచో అదే తలుపు మీద 800 కిలోలకు పైగా బరువుండును. ఏ బలశాలియు దానిని ఎత్తలేడు. లోపలికి నీటిని మెల్లగా రానిచ్చి, రెండు వైపులను ఒత్తిడి సమానమైన పిదపనే అది తెరచుకొనును. అందులకు వేరుగా ఒక వాల్వు ఉండవలెను. దాని చక్రము చీకటిలో తడిమినను చేతికందవలెను. తలుపు మరలు బయటి నుండియు తిరుగవలెను, లోపలివాడు స్పృహ తప్పవచ్చును గదా.

తలుపు గుండ్రముగా ఎందుకని అడుగవచ్చును. మూలలున్న రంధ్రమునకు చీలిక మూలలోనే మొదలగును. విశాఖ రామకృష్ణా బీచిలో 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కురుసుర జలాంతర్గామిలో గది నుండి గదికి గుండ్రని ద్వారములలో వంగి దూరవలెను. మేము దూరినప్పుడు నడుము పట్టినది గాని, కారణము మాత్రము చక్కగా బోధపడినది. రంధ్రము కోసి తీసివేసిన ఉక్కుకు బదులుగా దాని చుట్టును మందపాటి కడియమును వెల్డింగు చేయవలెను.

కిటికీకి గాజు వలదు, ఆక్రిలిక్కు దిమ్మ మేలు. దానిని గరాటు బిరడా వలె, వెడల్పు వైపు బయటికుండునట్లు కోసి, అదే వాలుగల ఉక్కు గూటిలో కూర్చుండబెట్టవలెను. నీరు నొక్కినకొలది అది గూటిలో బిగియును. ఈ విధానమును పికార్డు తన లోతునావలలో వాడెను. బోల్టుల కొరకు ఆక్రిలిక్కుకు రంధ్రములు వేయరాదు. అది ఎండకు ఉక్కు కంటె సుమారు ఆరు రెట్లు వ్యాకోచించును. కనుక దానిని పట్టియుంచు కడియమునకు సందుండవలెను; రాజమహేంద్రవరపు వేసవి సామాన్యము కాదు. పెట్రోలుతో గాని థిన్నరుతో గాని తుడువరాదు, సన్నని చీలికలు వచ్చును. 1960 జనవరి 23న ట్రీస్టు నావ సముద్రపు అట్టడుగునకు దిగుచుండగా ప్రవేశమార్గపు కిటికీ యొకటి చిట్లి నావ యంతయు అదరినది. అందలి ఇద్దరును సురక్షితముగా తిరిగి వచ్చిరి. 2023 జూన్‌లో టైటాన్ నావలో దిగిన అయిదుగురు తిరిగి రాలేదు. ఆ నావకు అధికారిక ధ్రువీకరణ లేదు.

ఇక ఇరుసు. నీటి మోటారు గ్లాండు నుండి చుక్కచుక్కగా నీరు కారుట డెల్టా రైతులందరును ఎరిగినదే. ఆ చుక్క పడనిచో ప్యాకింగు వేడెక్కి కాలిపోవును. పొలములో ఆ చుక్క మేలే, మూసిన నావలో కాదు. పైగా గోదావరి ఒండ్రు ఇరుసును అరగదీయును. కనుక మోటారునే నూనె నింపిన పెట్టెలో పెట్టి నావ బయట బిగించి, లోపలికి తీగను మాత్రమే తెచ్చుట ఉత్తమము. తిరుగని తీగను మూయుట తిరుగు ఇరుసును మూయుట కంటె తేలిక. రబ్బరు రింగులు పెట్టునప్పుడు గాడిలో ఒక్క ఇసుక రేణువైనను మిగులరాదు. చిటికెన వేలంత రంధ్రము పడినచో 200 అడుగుల లోతున నిమిషమునకు నూరు లీటర్లకు చేరువగా నీరు వచ్చును. అందుచేత నావ అడుగున సీసపు దిమ్మ నొకదానిని, లోపలి నుండి ఒక్క మీట లాగినంత జారిపడునట్లు అమర్చుకొనవలెను.

ప్రతి అమరికను నావకు బిగించుటకు ముందే పైపులను పరీక్షించు చేతి పంపుతో, గాలితో గాక నీటితో, బయటి వైపు నుండి నొక్కి చూడవలెను. తరువాత నావను, మనిషి లేకుండ, ఇనుపతాడు కట్టి, బరువులతో, దిగదలచిన లోతు కంటె అధికమైన లోతునకు దింపి, ఒక రాత్రి యుంచి తీయవలెను. లోపల కాగితము పరచి దింపినచో ఎచ్చట తడిసినదో కాగితమే చెప్పును.

యువకునికి మేము జాబు వ్రాసితిమి. వరద దినములలో గోదావరిలో మూరెడు దూరము కూడ కనుపించదు, ఆరు కిటికీలు దేనికి? రెండు చాలును. ఆ దినములకు కిటికీ కంటె, కెమెరాను గాని ధ్వనితో వెదకు సాధనమును గాని తాడుకు కట్టి మనిషి లేకుండ దింపుట మేలు. ఈ మాట అతనికి రుచింపకపోవచ్చును. డ్రమ్ము మందమెంతయో కొలిచి పంపుమని కూడ అడిగితిమి.