చిన్న సంస్థ, చిన్న బడ్జెట్, పెద్ద రహస్యాలు

(మహాసభల సేవాసంస్థల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ గురించి తెలుగువాళ్ళ సభలో మాట్లాడడమంటే తిరుపతి వెళ్ళి లడ్డూలు అమ్మబోవడం లాంటిది. ఈ హాల్లో సగంమంది అది రాసేవారే, మిగతా సగం వారి తల్లిదండ్రులు. నేను రాసేవాణ్ణి కాదు. న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నగరానికి పడమటి వైపున్న హెండర్సన్‌లో ఒక చిన్న సేవాసంస్థకు కోశాధికారిని. అంటే, ఎవరేమడిగినా డబ్బు లేదని చెప్పే ఉద్యోగం.

హెండర్సన్ ఒకప్పుడు కలప మిల్లు ఊరు. థామస్ హెండర్సన్ అనే మిల్లు యజమాని పేరే ఊరికి మిగిలింది. తర్వాత డాల్మేషియా నుంచీ, లెబనాన్ నుంచీ వచ్చినవారు ద్రాక్షతోటలు వేశారు. ఇప్పుడు అక్కడి రైల్వే స్టేషన్లో తెలుగు వినబడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

మాకు రెండు అద్దె గదులు, అవీ శనివారాలు మాత్రమే. కొత్తగా వచ్చినవారికి ఫారాలు నింపిపెడతాం. మనవల్ని చూసుకోవడానికి వచ్చిన పెద్దవారికి డాక్టరు దగ్గరికి తోడు వెళతాం. ఇంట్లో నలిగిపోతున్నవారు మా కౌన్సెలర్ గారితో గంటసేపు మాట్లాడుకోవచ్చు. ఈ చివరిదాని గురించి బయట ఎక్కువగా చెప్పుకోం.

చాలాకాలం మా సాఫ్ట్‌వేర్ ఒక పొడుగాటి నోటుబుక్కు. ఎవరు ఏ గంటకు వస్తారో అందులోనే, ఎందుకు వస్తారో కూడా అందులోనే. ఒక శనివారం ఇద్దరు లక్ష్మిగార్లు వచ్చారు. పింఛను ఫారం కోసం వచ్చిన పెద్దావిణ్ణి కౌన్సెలర్ గారి గదిలోకి పంపాం. ఆవిడ అరగంట కోడలి గురించి చెప్పుకుని, "చాలా బాగా విన్నావమ్మా" అని దీవించి వెళ్ళారు. మేమందరం నవ్వుకున్నాం. కంప్యూటర్‌కి మారిపోదాం అనుకున్నాం.

ఒక ఉచిత బుకింగ్ ప్రోగ్రాం పెట్టుకున్నాం. ఈ తర్వాతిది వివరాలు మార్చి చెబుతున్నాను. ఒక అమ్మాయి ఇంట్లో తెలియకుండా రెండుసార్లు వచ్చింది. మూడోసారికి ముందురోజు రాత్రి, "రేపు పదకొండు గంటలకు మీ కౌన్సెలింగ్" అని మా సంస్థ పేరుతో సహా మెసేజ్ వెళ్ళింది. ఆ నంబరు భర్తది. ఆ అమ్మాయి ఇచ్చింది అదొక్కటే, ఎందుకంటే ఆ ఇంట్లో ఫోను అదొక్కటే. గుర్తుచేసే మెసేజ్ దానంతటదే పోయేలా ముందే అమర్చి ఉందని మేం చూసుకోలేదు. తప్పు ప్రోగ్రాంది కాదు, మాది. ఆ శనివారం ఆమె రాలేదు. తర్వాత కూడా రాలేదు. వేరే ఊళ్ళో క్షేమంగా ఉందని చాలా నెలలకు తెలిసింది. ఆ నెలలన్నీ నాకు సరిగా నిద్రలేదు.

అప్పటిదాకా నేనడిగే ప్రశ్న ఒక్కటే: నెలకు ఎంత? ఆ తర్వాత ముందడిగేది, ఎవరెవరు చూడగలరు?

కమిటీలో చర్చ మీరు ఊహించుకోగలరు. ఒకాయన "రెండు వారాంతాల్లో నేనే రాసిస్తాను" అన్నారు. ఆయన సమర్థుడే. కానీ మనవాళ్ళు ఉచితంగా రాసిచ్చిన ప్రోగ్రాం ఆయుష్షు, రాసినవారికి సిడ్నీలో ఉద్యోగం వచ్చేదాకానే. సేల్స్‌ఫోర్స్ సేవాసంస్థలకు పది లైసెన్సులు ఉచితంగా ఇస్తుంది. సివిసిఆర్ఎమ్ పూర్తిగా ఉచితం. రెండూ గట్టివే. అయితే వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి, ఆ మనిషి ఉచితం కాదు. చివరికి విడిగా ప్రాక్టీసు పెట్టుకున్న కౌన్సెలర్లు, ఫిజియోథెరపిస్టులు వాడే రకం వైపు మొగ్గాం. వాటిలో కొన్నిటికి సేవ చేసేవారి లెక్కన రుసుము, ముందు బల్ల దగ్గర కూర్చునేవారికి ఉచితం. మాకున్నది ఒక్క కౌన్సెలర్ గారు, పద్నాలుగు మంది వాలంటీర్లు. ఆ లెక్కన నెల ఖర్చు మా ఇంటి ఇంటర్నెట్ బిల్లు కన్నా తక్కువ. ధర అడిగేముందు, ఎవరి తల లెక్కన ధరో అడగండి.

పరీక్షించడానికి అసలు పేర్లు వాడలేదు. కన్యాశుల్కం వాళ్ళనందరినీ చేర్చుకున్నాం. గిరీశం గారికి శనివారం పది గంటలకు, బుచ్చమ్మకు పదకొండు గంటలకు, మధురవాణికి మధ్యాహ్నం. తర్వాత ఒక వాలంటీరుగా లోపలికెళ్ళి బుచ్చమ్మ రహస్యాలు తెలుసుకోవడానికి ప్రయత్నించాం. ఒక ప్రోగ్రాంలో కౌన్సెలర్ గారి నోట్సు తెరుచుకోలేదు గానీ, వెతికే పెట్టెలో "భర్త" అని కొడితే బుచ్చమ్మ పేరు వచ్చింది! చవకలో అదే చవక. వదులుకున్నాం.

ఇంటిపేరు ముందా వెనకా అన్న తెలుగువాళ్ళ గొడవ ఏ ప్రోగ్రాంకీ అర్థం కాలేదు. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని ఒక గడి మేమే కలుపుకున్నాం. దాని పక్కనే, ఈ ఫోను మీ ఒక్కరిదేనా, మెసేజ్ పంపవచ్చా, అని మరో రెండు. అవునంటే తప్ప మెసేజ్ పోదు. పోయినా అందులో రోజూ గంటా తప్ప ఇంకేమీ ఉండదు.

మా దేశంలో ఈ సంగతి పెద్ద ఎత్తున కూడా నడిచింది. 2017లో సామాజికాభివృద్ధి మంత్రిత్వ శాఖ, తన నిధులు తీసుకునే సంస్థలు తమ దగ్గరికొచ్చే ఒక్కొక్క మనిషి వివరాలూ తనకు పంపాలంది. అప్పటి ప్రైవసీ కమిషనర్ జాన్ ఎడ్వర్డ్స్ విచారించి, ఇది అవసరానికి మించిందనీ, సాయం కావలసినవారు భయపడి రాకుండా పోతారనీ ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. ఆ ఏడాదే ప్రభుత్వం మారాక ఆ షరతు పోయింది. 2020 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన ప్రైవసీ చట్టం ప్రకారం, వివరాలు మన తరఫున ఏ దేశపు కంపెనీ దాచినా బాధ్యత మనదే. తీవ్రమైన హాని కలిగేలా అవి బయటపడితే కమిషనర్‌కూ, ఆ మనిషికీ చెప్పితీరాలి.

పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకునేవారికి ఒక మాట. సేవాసంస్థలకే సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ బ్లాక్‌బాడ్‌లో 2020లో దొంగలు పడ్డారు. వేల సంస్థల దాతల వివరాలు పోయాయి. 2023లో ఆ కంపెనీ 49 రాష్ట్రాలతో, వాషింగ్టన్ డి.సి.తో 4 కోట్ల 95 లక్షల డాలర్లకు రాజీపడింది. అందుకే మేం అవసరం లేనిది అసలు రాయడమే మానేశాం. వీసా సంగతి, కులం సంగతి, ఏ ఊరి సంబంధం – ఇవన్నీ పాత నోటుబుక్కులో ఉండేవి. ఎందుకు రాశామో ఎవరికీ గుర్తులేదు.

అన్నిటికన్నా కష్టమైంది సాఫ్ట్‌వేర్ కాదు, మా అధ్యక్షులు. పెద్దాయన, సంస్థ పెట్టినవారు. "నా సంస్థలో నేను చూడకూడనిది ఏముందయ్యా?" అని నొచ్చుకున్నారు. నేను జవాబు చెప్పలేక నా అనుమతి ముందు తీసేయించుకున్నాను. తర్వాత కౌన్సెలర్ గారే, "మాస్టారూ, మీరు చూడలేరని తెలిస్తేనే మీ వీధివాళ్ళు వస్తారు" అన్నారు. రెండు వారాలు ఆయన మాతో సరిగా మాట్లాడలేదు. మూడో శనివారం వచ్చి టీ పెట్టి, తన లాగిన్ కాగితం బల్లమీద పెట్టి వెళ్ళారు.

పాత నోటుబుక్కులు పదకొండు. ఆరోగ్య సేవ కిందికొచ్చే రికార్డులు చివరిసారి వచ్చిన రోజు నుంచి కనీసం పదేళ్ళు ఉంచాలని 1996 నాటి నిబంధన, కాబట్టి చింపేయడానికి లేదు. ఏవి అట్టిపెట్టాలో కౌన్సెలర్ గారు ఒక్కొక్క పేజీ తిప్పి చూస్తున్నారు. ఆరు పూర్తయ్యాయి. బీరువా మా గ్యారేజీలోనే ఉంది, తాళంచెవి ఆవిడ దగ్గర.